‘మెక్‌టీగ్’ను నరసాపురం తెచ్చుకోవడం: పాత నవలను గంట నాటికగా మలిచే పద్ధతి

ఆ రోజే అతని పని పోయింది. వచ్చిన ఆఖరి కూలి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ లెక్కపెట్టుకుని, ఇప్పుడే బయల్దేరి ఇంకో పని వెతుక్కోమంది. ట్రాం బండికి ఐదు సెంట్లు ఇమ్మన్నాడు. నడిచి వెళ్ళమంది. దారిలో వాన పట్టుకుంది. అప్పటికి ఆవిడ పేరు మీద ఐదు వేల డాలర్లున్నాయి.

1899లో అమెరికాలో అచ్చయిన ‘మెక్‌టీగ్’ నవలలో ఇది చాలా చిన్న ఘట్టం. రాసినవాడు ఫ్రాంక్ నారిస్. ఆ రెండు మూడు పేజీలు చదివాక పుస్తకం మూసి చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కథ నాకు మా వీధిలో జరిగినట్టే అనిపించింది. తర్వాత దాన్ని నరసాపురం కథగా రాసి, ఆడించి, తప్పులు చూసుకుని, తిరగరాసి మళ్ళీ ఆడించాం. గోదావరి జిల్లాల్లో నాటికలు వేసే బృందాలకు పనికొస్తుందని ఆ పని మొత్తాన్ని వరసగా చెబుతున్నాను. పరాయి కథను మన వీధిలోకి తెచ్చుకోవడం ఈ నేలకు కొత్తేమీ కాదు. షేక్‌స్పియర్ హాస్య నాటకాన్ని వీరేశలింగం గారు ‘చమత్కార రత్నావళి’గా మలిచింది 1880లో, రాజమండ్రిలోనే.

మొదట కథ తెలుసుకోండి

మెక్‌టీగ్ గనుల్లో పెరిగిన మొరటు మనిషి. ఊళ్ళు తిరిగే ఒక నాటు పళ్ళవైద్యుడి వెంట వెళ్ళి పని నేర్చుకుని, పోల్క్ వీధిలో గది తీసుకుని పళ్ళు పీకుతుంటాడు. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. పంజరంలో ఒక పిట్ట, కాన్సర్టీనా అనే చిన్న వాద్యం, ఆదివారం ఓ గ్లాసు బీరు ఉంటే చాలు అతనికి. ఒకే ఒక్క కోరిక: బంగారు పూత పూసిన పేద్ద పన్ను బొమ్మ ఒకటి కిటికీ బయట గుర్తుగా వేలాడదీయాలని. స్నేహితుడు మార్కస్ తన చుట్టాలమ్మాయి ట్రీనాను విరిగిన పన్ను కట్టించుకోవడానికి అక్కడికి తీసుకొస్తాడు. మెక్‌టీగ్ మనసు పడ్డాడని తెలిసి, నాకు వద్దులే నువ్వే చేసుకో అంటాడు మార్కస్. సరిగ్గా అప్పుడే ట్రీనా కొన్న లాటరీ టిక్కెట్టుకి ఐదు వేల డాలర్లు తగులుతాయి.

అక్కణ్ణించి ముగ్గురూ మారిపోతారు. ఆ డబ్బు తనకు దక్కాల్సిందని మార్కస్ కుమిలిపోతాడు. ట్రీనా అసలు ముట్టుకోకుండా బంధువు దగ్గర ఆరు శాతం వడ్డీకి పెడుతుంది, నెలకు పాతిక డాలర్లు వస్తుంటాయి. సర్టిఫికెట్ లేదని మార్కస్ పితూరీ చెయ్యడంతో మెక్‌టీగ్ వృత్తి పోతుంది. ఇల్లు చిన్నదై, తిండి తగ్గి, తాగుడు మొదలై, అతను భార్య వేళ్ళు కొరికి డబ్బు గుంజుకునేదాకా వస్తుంది. ఆమె దాచింది దోచుకుని వెళ్ళిపోతాడు. కొరికిన గాయాలకు విషం ఎక్కి ఆమెకు వేళ్ళు తీసేస్తారు. చిన్నపిల్లల బడిలో పాచిపనికి చేరిన ఆమెను క్రిస్మస్ ముందు అక్కడే చంపి, ఆమె వెనక్కి తెచ్చుకున్న ఐదు వేల డాలర్ల బంగారు నాణేలతో పారిపోతాడు. డెత్ వ్యాలీ ఎడారిలో మార్కస్ పట్టుకుంటాడు. కొట్లాటలో మార్కస్ చస్తాడు గానీ, చచ్చేముందు తన చేతికీ మెక్‌టీగ్ చేతికీ కలిపి బేడీ వేస్తాడు. నీళ్ళు లేవు, తాళంచెవి లేదు, పక్కన శవం, పంజరంలో సగం చచ్చిన పిట్ట. కథ అక్కడ ఆగిపోతుంది.

1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చిన్నపిల్లల బడిలో పనిచేసే ఆవిణ్ణి భర్తే చంపిన సంఘటన నారిస్‌కు ఆధారం. నేరవార్త ఒకటి చదివి, దానికి వెనక్కి నడిచి, ఆ సంసారం మొదటిరోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించి రాశాడు. మీరు కూడా అలాగే పనిచెయ్యాలి. చివరి దృశ్యం ముందు రాసుకుని, వెనక్కి నడవండి.

హక్కుల మాట

నారిస్ 1902లో, ముప్ఫై రెండేళ్ళకే చనిపోయాడు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళు దాటితే రచన అందరిదీ, కాబట్టి మూలనవలకు అనుమతి అక్కర్లేదు. కానీ ఎవరైనా ఈమధ్య చేసిన అనువాదంలోంచి మాటలు ఎత్తుకోకూడదు, ఆ మాటలు వాళ్ళవి. ఇదే నవల 1992లో చికాగోలో ఆపెరాగా వచ్చింది. సంగీతం విలియం బోల్కం, పాఠం ఆర్నాల్డ్ వైన్‌స్టైన్, రాబర్ట్ ఆల్ట్‌మన్, దర్శకత్వం కూడా ఆల్ట్‌మనే. అది హక్కులున్న రచన. చూసి నేర్చుకోండి గానీ దాని సన్నివేశాల అల్లిక జోలికి వెళ్ళకండి. మీ కరపత్రం మీద మూలనవల పేరూ రచయిత పేరూ తప్పకుండా వెయ్యండి. ‘విదేశీ కథ ఆధారంగా’ అని ఒక ముక్క రాసి వదిలేసే అలవాటు మన దగ్గరుంది, అది మర్యాద కాదు.

కథ ఎవరి పక్షం?

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. మొదటి ప్రతిలో భార్యను పిసినారిగా రాశాను. ఆమె ప్రతి మాటకీ నవ్వు పుట్టేది. చదువుకోవడానికి ఏడుగురం కూర్చున్నాం. భర్త పెద్ద ఇల్లు అద్దెకు ఖాయం చేసి వచ్చి, సగం డబ్బు ఇమ్మంటే భార్య కాదనే చోటుకి వచ్చాం. మూలంలోనూ ఉన్న ఘట్టమే. భార్య వేషం చదువుతున్న అమ్మాయి మధ్యలో కాగితం కింద పెట్టేసింది. “నన్నడక్కుండా ఇల్లు మాట్లాడుకొచ్చి, నా పేరునున్న డబ్బు ఇమ్మంటే నేనెందుకివ్వాలండీ?” అంది. మగవాళ్ళం నలుగురం ఒక మాట, ఆడవాళ్ళు ముగ్గురూ ఒక మాట. ఆ సాయంత్రం చదవడం ముందుకు సాగలేదు. ఇంటికెళ్ళి ప్రతి మొత్తం పక్కన పెట్టేశాను.

మన ఊళ్ళలో ఆడది నాలుగు డబ్బులు దాచిందంటే అది జాగ్రత్త. పోపులపెట్టెలో, బియ్యం డబ్బాలో దాచిన ఆ డబ్బుతోనే ఎన్నో సంసారాలు నిలబడ్డాయి. అందుకని మొదటి ఇరవై నిమిషాలు ప్రేక్షకులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఆమెను మెచ్చుకోవాలి. “సరిగ్గా చేసింది” అని పక్కవాళ్ళతో అనుకోవాలి. జాగ్రత్త ఎక్కడ పేరాశగా మారిందో ఫలానా చోటని వేలు పెట్టి చూపించలేకపోవాలి. నాటికకు ప్రాణం ఇదే, తక్కినవన్నీ దీనికి లోబడాలి.

దీన్ని సాధించడానికి ఒక చిట్కా చెబుతాను. భర్త అడిగే మొత్తం ప్రతి సన్నివేశంలోనూ తగ్గాలి. మొదట ఇంటి అడ్వాన్సు. తర్వాత నెల అద్దె. తర్వాత చెప్పుల జత. ఆ తర్వాత బస్సు చార్జీ. అడిగేది తగ్గేకొద్దీ ఆమె కాదనే మాట గట్టిపడాలి. ‘దురాశ’, ‘పేరాశ’, ‘డబ్బు పిచ్చి’ అనే మాటలు ఏ పాత్ర నోటా రాకూడదు. నా ప్రతిలో వెతికి వెతికి తొమ్మిది చోట్ల కొట్టేశాను.

ఏది తీసెయ్యాలి

ఈ నవలను ఎరిక్ వాన్ స్ట్రోహైం 1924లో ‘గ్రీడ్’ పేరుతో సినిమా తీశాడు. పుస్తకంలో ఉన్నదంతా తియ్యాలని పట్టుబట్టి ఎనిమిది గంటలు దాటే చిత్రం తయారుచేస్తే, స్టూడియో వాళ్ళు కత్తిరించి రెండు గంటల పైచిల్లరకు తెచ్చి విడుదల చేశారు. మనకున్నది గంట. కాబట్టి కత్తెర మనమే, ముందే పట్టుకోవాలి.

నవలలో ఇంకో రెండు జంటలున్నాయి. పాతసామాను కొనే జెర్కోవ్, అతను పెళ్ళాడిన పనిమనిషి మరియా ఒక జంట. పోయిన బంగారు కంచాల కథ ఆమె చెబుతుంటే అతను పిచ్చెక్కి వింటుంటాడు, చివరికి ఆమెను చంపుతాడు. దీన్ని పూర్తిగా తీసెయ్యండి. నిడివి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, నారిస్ అతన్ని యూదుడిగా చూపించి, ఆ జాతికే ఆశ ఎక్కువన్నట్టు రాశాడు. అది ఆ కాలపు దురభిప్రాయం. దాని బదులు మన దగ్గర ఏదో ఒక కులాన్నో, ఫలానా ప్రాంతం నుంచి వచ్చిన వడ్డీవ్యాపారినో పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే ససేమిరా ఒప్పుకోకండి. అలాగే తండ్రి తాగుబోతు కాబట్టి ఆ రక్తమే కొడుకులో ఉందన్న వాదన కూడా వద్దు.

రెండో జంట ముసలివాళ్ళు. గ్రానిస్, మిస్ బేకర్. పక్కపక్క గదుల్లో ఉంటూ, మధ్య గోడకు అటూ ఇటూ ఒకే వేళకు కూర్చుని, ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండానే ప్రేమించుకుంటారు. వీళ్ళను తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. రెండు గంటల నాటకమైతే ఉంచండి. గంట నాటికలో చోటు లేదు.

మన నేల మీద నాటడం

పేర్లు మార్చి, చొక్కా తీసి పంచె కట్టిస్తే అనుసరణ అయిపోదు. మూలంలో ప్రతి వస్తువూ ఏ పని చేస్తోందో చూసి, అదే పని మన దగ్గర ఏది చేస్తుందో వెతకాలి.

నేను నరసాపురం ఎంచుకోవడానికి కారణం లేసు. నవలలో ట్రీనా ఇంట్లో కూర్చుని కత్తితో చెక్క బొమ్మలు చెక్కి, రంగులేసి, దుకాణానికి ఇస్తుంది. వేళ్ళు పోయాక ఆ పని పోతుంది. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు తరతరాలుగా ఇంటి అరుగుల మీద లేసు అల్లుతున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని అది. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లినదానికి లెక్కగట్టి కూలి ఇస్తాడు. గంటల తరబడి అల్లితే వచ్చేది చిల్లరే. ఆ చిల్లర విలువ తెలిసిన మనిషి చేతికి ఒక్కసారిగా లక్ష రూపాయలొస్తే దాన్ని ముట్టుకోవడానికి భయపడుతుంది, సహజం. ఇక వేళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. సూదిని పట్టే వేళ్ళూ, దారాన్ని బిగించే వేళ్ళూ పోతే ఆమె చేతిలో విద్య మొత్తం పోయినట్టే.

భర్తకు వీర్రాజు అని పేరు పెట్టాను. గోదారి లంకలో ఇటుక బట్టీ దగ్గర పెరిగాడు. తీర్థాల్లో గుడ్డ పరుచుకుని పళ్ళు పీకే ఒకడి వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ గొడవ మనకూ అతుకుతుంది. 1948 నాటి దంతవైద్యుల చట్టం ప్రకారం నమోదు కానివాడు ఆ వృత్తి చెయ్యకూడదు. సర్కారు కాగితం వచ్చినప్పుడు అతనికి కోపం రాకూడదు, అర్థం కాకూడదు. “పన్ను పీకితే ఊడిందా లేదా? మరి కాగితమెందుకు?” అని భార్యను అడగాలి.

ట్రీనాను సత్యవతి చేశాను. మార్కస్‌ను సూరిబాబు చేశాను, సత్యవతికి మేనబావ. మూలంలో చుట్టరికమే గానీ దానికి అంత బరువు లేదు. మన దగ్గర మేనబావంటే హక్కు. ఆ హక్కును స్నేహితుడి కోసం నలుగురి ముందు వదులుకోవడం, వదులుకున్న నెలకే మరదలు లక్షాధికారి కావడం! ఇక్కడ మాత్రం మన కథ మూలం కంటే బలంగా నిలబడుతుంది. అతని చేత ప్రతిసారీ “మా మరదలు” అనిపించండి. పెళ్ళయిన తర్వాత కూడా.

లాటరీకి ప్రత్యామ్నాయం కోసం చాలా తల బద్దలుకొట్టుకున్నాం. చీటీ పాట అనుకున్నాం, కానీ చీటీ డబ్బు సొంత కష్టం. భూమి పోయినందుకు వచ్చే పరిహారం అనుకున్నాం, దాని వెనక ఒక నష్టముంది. రొయ్యల చెరువు లాభమైతే దాని వెనక సాహసముంది. ఏ కష్టమూ లేకుండా ఊడిపడ్డ డబ్బే కావాలి. అందుకని కథను 1980ల్లో పెట్టి, బస్టాండుల్లో లాటరీ టిక్కెట్లు దండలుగా వేలాడదీసి అమ్మే రోజులకు వెళ్ళిపోయాం. వడ్డీ లెక్క మనవాళ్ళకు నోటికొచ్చిన భాషలో ఉండాలి. బియ్యం మిల్లున్న బాబాయి దగ్గర నూటికి రూపాయి వడ్డీకి లక్ష పెట్టింది, నెలకు వెయ్యి. హాల్లో అందరూ ఆ లెక్క మనసులో కట్టేస్తారు, వివరించక్కర్లేదు.

బంగారు నాణేల బదులు కాసులు. నవలలో ట్రీనా సబ్బూ బూడిదా కలిపి నాణేలు తోముకుంటుంది, చిన్నవి నోట్లో పెట్టుకుని చప్పుడు వింటుంది. మన సత్యవతి కుంకుడుకాయ రసంలో కాసులు నానబెట్టి, లేసు మెత్తగుడ్డతో తుడిచి, ఒకటి బుగ్గన పెట్టుకుంటుంది. కుంకుడు రసంతో బంగారం కడగడం ప్రతి ఇంట్లో చూసిన పనే, అందుకే బుగ్గన పెట్టుకున్న క్షణం ఒళ్ళు జలదరిస్తుంది.

కాన్సర్టీనాకు హార్మోనియం సరిపోతుంది. వీర్రాజుకు ఒకే ఒక్క వరస వచ్చు, అదీ తప్పుగానే. నవలలో భార్య ఆ వాద్యాన్ని అమ్మేసిందని అతనికి దుకాణంలో చూసి తెలుస్తుంది, హత్యకు అదే నిప్పురవ్వ. దాన్ని మాత్రం వదలకండి.

మాటలు రాయడం

తెలుగుకు ఇంగ్లీషులో లేని ఒక సౌకర్యముంది: మీరు, నువ్వు. మొదటి మూడు సన్నివేశాల్లో సత్యవతి భర్తను ‘మీరు’, ‘ఏవండీ’ అనే పిలుస్తుంది. నాలుగో సన్నివేశంలో బస్సు డబ్బులు కాదన్నప్పుడు కూడా అంతే. కాసులు ఇంటికి తెచ్చి దాచిన తర్వాత, ఏ గొడవా లేని ఒక మామూలు మాటలో ‘నువ్వు’ అంటుంది. ఎవరూ దాన్ని పట్టించుకున్నట్టు నటించకూడదు. వీర్రాజు మొదట ‘సత్తీ’ అంటాడు, చివరికి పేరు కూడా పోయి ‘ఏయ్’ మిగులుతుంది.

యాస మోతాదు మించనివ్వకండి. సినిమాల పుణ్యమా అని గోదావరి అంటే వెటకారం, ప్రతి మాటకీ ‘ఆయ్’ అయిపోయింది. నిజంగా మన ఇళ్ళలో డబ్బు గురించి మాట్లాడేటప్పుడు గొంతులు తగ్గుతాయి, మాటలు పొట్టివవుతాయి. వాన సన్నివేశం మేము ఇలా రాసుకున్నాం:

(సాయంత్రం. ముసురు. సత్యవతి అరుగు మీద లేసు అల్లుతోంది. వీర్రాజు వచ్చి జేబులోంచి నోట్లు తీసి ఆమె ఒళ్ళో పెడతాడు.)

సత్యవతి: నలభై రెండేనా అండీ?

వీర్రాజు: రేపట్నించి రావద్దన్నారు. పని లేదంట.

సత్యవతి: పాలకొల్లు మిల్లులో మనిషి కావాలంటున్నారంట. ఇప్పుడెళ్తే మేస్త్రీ దొరుకుతాడు.

వీర్రాజు: ఇప్పుడా? రెండు మెతుకులు తిని...

సత్యవతి: వచ్చాక తిందురుగాని. మూత పెట్టి ఉంచుతాను.

వీర్రాజు: (చెయ్యి చాపి) బస్సుకి ఓ రూపాయియ్యి.

సత్యవతి: నాలుగడుగులేస్తే పాలకొల్లేగా.

వీర్రాజు: వానొచ్చేలా ఉంది సత్తీ.

సత్యవతి: వస్తే ఏ చూరు కిందో నిలబడండి. ఉప్పుబస్తానా ఏంటి, కరిగిపోడానికి?

(నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు. చెయ్యి ఇంకా చాపే ఉంది. ఆమె దారం కొస పంటితో కొరికి, నోట్లు మడిచి జాకెట్లో పెట్టుకుంటుంది. అతను చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంటాడు.)

నరసాపురం నుంచి పాలకొల్లు సుమారు పది కిలోమీటర్లు. మా జిల్లాలో ఎక్కడ వేసినా ఆ ‘నాలుగడుగులు’ అనే మాట దగ్గర హాలు కదులుతుంది. మీరు అమలాపురం వైపు వేస్తుంటే దానికి తగ్గ దూరం, ఊరి పేరు పెట్టుకోండి. చాపిన చెయ్యిని ఎంతసేపు ఉంచాలన్నది నటుడు ఇరవై రిహార్సళ్ళలో నేర్చుకోవాల్సిన విషయం. మా వాడికి నాలుగు సెకన్లు కుదిరింది. ఐదైతే జాలి కోసం అడుక్కున్నట్టయ్యేది.

సన్నివేశాల పంపకం

పరిషత్తు (నాటక పోటీల) నాటికకు సాధారణంగా గంట లోపే సమయం. మీరు వెళ్ళే చోట నిబంధన ముందే అడిగి, అందులో మూడు నిమిషాలు తగ్గించి రాసుకోండి, చప్పట్లూ తడబాట్లూ ఆ మూడింటినీ తినేస్తాయి. మాకు కుదిరిన లెక్క: పళ్ళ గది, పెళ్ళి మాట 12 నిమిషాలు. లాటరీ, బావ మొహం మారడం 9. సర్కారు కాగితం, ఇల్లు ఖాళీ కావడం 13. వాన, వేళ్ళు, దోచుకుపోవడం 13. బాలవాడి 4. సముద్రం 6.

సెట్టు ఒకటే: గది, పక్కన అరుగు. ప్రతి సన్నివేశం చివరా ఒక వస్తువు అమ్ముడుపోయి బయటికి వెళ్ళాలి, పాత్రలే మోసుకెళ్ళాలి. కుర్చీ, అద్దం, మంచం, హార్మోనియం. తెర దించక్కర్లేదు. నాలుగో సన్నివేశానికి గది దానంతటదే ఖాళీ అవుతుంది, ప్రేక్షకులు ఆ ఖాళీని లెక్కపెడుతుంటారు.

వస్తువులు, శబ్దం

పన్ను బొమ్మను రెండున్నర అడుగుల ఎత్తున థర్మోకోల్‌తో చేయించి, పైన కాగితపు గుజ్జు పట్టించి బంగారు రంగు వేయించండి. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ళకు చెబితే రెండు రోజుల పని. మూడు వేళ్ళతో ఎత్తగలిగేంత తేలికగా ఉండాలి గానీ నటుడు దాన్ని రెండు చేతులతో, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాలి. అతని పుట్టినరోజుకు ఆమె కానుకగా ఇచ్చిన వస్తువది, చివరికి వేరే పళ్ళ డాక్టరుకు తక్కువకు అమ్ముకుంటాడు.

కాసులకు మొదటి ప్రదర్శనలో స్టీలు వాషర్లు వాడాం. మైకులో గిన్నెలు తోముతున్నట్టు వినబడి, గుండె పట్టుకోవాల్సిన చోట హాలంతా గుసగుసలైంది. తర్వాత ఇత్తడి రేకును గుండ్రంగా కోయించాం. ఇత్తడి కాసులు చెక్కపెట్టెలో పోస్తే ఒక రకం, రేకు ట్రంకులో పోస్తే ఒక రకం, దుప్పటి మీద పోస్తే వేరు. ఆమె కాసుల మీద పడుకునే చోట దుప్పటి శబ్దం కావాలి, చెవులు రిక్కించి వినాల్సినంత చిన్నది. వేలాడే మైకొకటి ఆ దుప్పటి దగ్గరికి జరిపించుకోండి.

పంజరంలో బతికున్న పిట్టను పెట్టకండి. మన రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పంజరం మీద గుడ్డ కప్పండి, లోపల చిలక ఉందని నటుడి చూపు చెబితే చాలు.

హింసను ఎలా చూపాలి

వేళ్ళు కొరికే చోట పోరాటం, అరుపులు పెట్టవద్దు. వీర్రాజు నవ్వుతూ భార్య చెయ్యి పట్టుకుని, ముద్దు పెట్టుకోబోతున్నట్టు నోటి దగ్గరికి తీసుకువెళ్ళాలి. మొదటి సన్నివేశంలో పన్ను చూసేటప్పుడు ఆమె నోరు అతని చేతిలో ఉంది, ఇప్పుడు ఆమె చెయ్యి అతని నోట్లో ఉంది. నటి అరవకూడదు. ఊపిరి ఎగబీల్చి, రెండో చేత్తో జాకెట్లోంచి నోటు తీసి ఇవ్వాలి. మేమిలా మార్చాక ఒక ప్రదర్శనలో ముందు వరసలోని పెద్దావిడ తన చెయ్యి కొంగులో దాచుకుంది.

హత్య తెర వెనకే. బాలవాడి గోడకు రంగుకాగితపు నక్షత్రాలు కట్టండి. క్రిస్మస్‌ను మార్చక్కర్లేదు, డిసెంబరులో నక్షత్రం వేలాడని వీధి మన డెల్టాలో ఎక్కడుంది? సత్యవతి బకెట్, గుడ్డతో నేల తుడుస్తూ, వేళ్ళు లేని చేత్తో గుడ్డ పిండలేక మోకాలికి అదిమి పిండుతుంది. తలుపు చప్పుడు. ఆమె లోపలికి వెళుతుంది. బకెట్ ఒరిగి నీళ్ళు వేదిక మీదికి పారతాయి. అంతే. ఆ నీళ్ళు మైకు తీగల వైపు పోకుండా ముందే ఇసుకబస్తా అడ్డం పెట్టించండి. ఇది మరవకండి, కరెంటుతో పని.

ఆరుబయట వేస్తున్నారా? రాత్రి పది దాటాక మైకు వెయ్యకూడదన్న నిబంధనుంది. మీ నాటిక ఎన్నోది అని అడిగి, ఆలస్యమయ్యేలా ఉంటే నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి. మైకు లేకుండా చివరి దృశ్యం నిలబడదు.

సముద్రం

ఎడారి మనకు లేదు. చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. డెల్టాలో ఎటు చూసినా కాలువ, చెరువు, చేను. దాహంతో చచ్చే మనిషిని ఎక్కడ పెట్టాలి? సమాధానం అంతర్వేది వెళ్ళినప్పుడు దొరికింది. గోదారి సముద్రంలో కలిసే చోట ఇసుకమేట మీద నిలబడితే చుట్టూ నీళ్ళే, గొంతులో పోసుకోవడానికి మాత్రం చుక్క పనికిరాదు. ఎండ, ఇసుక, ఉప్పు. వీర్రాజు కాసుల మూట, పంజరం పట్టుకుని నావ మీద పారిపోయి అక్కడ దిగుతాడు. సూరిబాబు వెంటబడి వస్తాడు. పెనుగులాటలో మంచినీళ్ళ బిందె ఒలికి ఇసుకలో ఇంకిపోతుంది. అప్పుడు కూడా ఇద్దరూ మూట కోసమే కొట్టుకుంటారు, మూలంలోనూ అంతే. బేడీకి బదులు నావను కట్టే గొలుసు, తాళం. సూరిబాబు ఆ తాళం నొక్కి, తాళంచెవి నీళ్ళలోకి విసిరి చనిపోతాడు.

ఈ దృశ్యానికి వేదిక ఖాళీగా ఉండాలి. నాలుగు సన్నివేశాల్లో ఖాళీ అయిన గదే ఇప్పుడు ఇసుకమేట. పసుపు దీపం ఒక్కటి, నిటారుగా పైనుంచి. అలల శబ్దం రికార్డు చేసింది వద్దు. పక్కన ఇద్దరు కూర్చుని చేటలో వడ్లు అటూ ఇటూ కదిపితే చాలా బాగా వస్తుంది. మొదట దూరంగా, పోటు ఎక్కుతున్నకొద్దీ దగ్గరగా.

ఇక్కడ దర్శకులకు ఒక గండముంది. వీర్రాజు చేత పశ్చాత్తాపం చెప్పించాలనిపిస్తుంది. న్యాయనిర్ణేతలు సందేశం అడుగుతారని భయమేస్తుంది. మా బృందంలోనే ఒకాయన ఎనిమిది పంక్తుల మాట రాసి తెచ్చాడు, బాగానే ఉంది కూడా. వద్దన్నాం. వీర్రాజుకు ఆ చివరి మూడు నిమిషాల్లో మాట లేదు. గొలుసు లాగి చూస్తాడు, శవం కదులుతుంది. మూట అందుకోబోతాడు, గొలుసు చాలదు. కూర్చుంటాడు. ఖాళీ చేతి వేళ్ళు ఇసుక మీద హార్మోనియం మెట్లు నొక్కినట్టు, తనకొచ్చిన ఆ ఒక్క వరసనే, కదులుతాయి. వడ్ల శబ్దం దగ్గరికొస్తుంది. పంజరం మీది గుడ్డ జారుతుంది, లోపల ఏమీ లేదు. దీపం తీసెయ్యండి, చేట మాత్రం ఇంకో పది సెకన్లు ఆగకూడదు.